బిడ్డ గుర్తుకొచ్చే నీళ్ళు

పిల్లల్ని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళిన ఎవరికైనా తలలు లెక్కపెట్టే అలవాటు పడుతుంది. ఒడ్డున కూర్చుని ఎవరితోనో మాట్లాడుతూనే ఉంటాం, కళ్ళు మాత్రం ఒకటి, రెండు, మూడు అంటూ నీళ్ళ మీద తిరుగుతుంటాయి. బిడ్డను పోగొట్టుకున్నాక ఎన్నేళ్ళు గడిచినా ఆ అలవాటు పోదు. సెలవులకి ఏ సరస్సు ఒడ్డునో తువ్వాలు పరుచుకుని కూర్చోగానే కళ్ళు వాటంతట అవే లెక్క మొదలుపెడతాయి. ఒకరు తక్కువ రాగానే మళ్ళీ మొదటికొస్తాయి. పక్కనున్న వాళ్ళకి ఇదేమీ తెలియదు. ఎండకి కళ్ళు చికిలించుకుని నీళ్ళకేసి చూస్తున్నాం అనుకుంటారు.

ఇంట్లో దుఃఖానికి దాని చోట్లు దానికుంటాయి. ఆ గది, ఆ అలమర, బడి వదిలే వేళ. వాటిని ఎలా దాటుకుపోవాలో మెల్లగా అలవాటవుతుంది. సెలవుల్లో కొత్త చోట అది ఎటు నుంచి వచ్చి పడుతుందో తెలియదు. అందులోనూ ఈత ఒంటితో నేర్పిన విద్య. చేతులతో మోసి, పక్కనే నడిచి, ఊపిరి కలిపి నేర్పాం. అందుకే నీళ్ళలో ఆ బిడ్డ జ్ఞాపకం మాటల రూపంలో రాదు, నేరుగా ఒంట్లోంచి లేస్తుంది. చలికీ, గాలికీ, లోతుకీ ఎలా సిద్ధపడి దిగుతామో దీనికీ అలాగే సిద్ధపడి దిగితే సరస్సులో ఈత చాలా మంచిది. సిద్ధపడకపోతే ప్రమాదమే. రెండూ నిజాలే కాబట్టి రెండూ చెప్పాలి.

బిడ్డకి తేలడం నేర్పిన రోజు చేతులకి బాగా గుర్తుంటుంది. నడుము లోతులో నిలబడి వెల్లకిలా పడుకోబెట్టి, ఒక అరచెయ్యి రెండు రెక్కల మధ్య వీపు కింద, ఇంకో చెయ్యి నడుము కింద పెడతాం. మొదట మెడ బిగుసుకుపోతుంది. కాళ్ళు కనిపించాలని తల ఎత్తి చూస్తుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది, వెంటనే నడుము కుంగి కాళ్ళు మునుగుతాయి. "చెవులు ముంచు, ఆకాశంలోకి చూడు, పొట్ట పైకెత్తు" అంటాం. చెవులు మునిగాయంటే తల బరువు నీళ్ళు తీసుకున్నట్టే, నడుము దానంతటదే లేస్తుంది. అప్పుడు ముందు నడుము కింది చెయ్యి తీసేస్తాం. తర్వాత వీపు కింద అరచేతిని నాలుగు వేళ్ళకి, నాలుగు వేళ్ళని ఒక్క వేలికి తగ్గిస్తాం. 20 కిలోల పిల్లయినా ఆ క్షణాన చేతికి తెలిసే బరువు కొన్ని వందల గ్రాములే. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే మనిషి ఒళ్ళు నీటికంటే కాస్త తేలిక, గాలి వదిలేస్తే కాస్త బరువు. అందుకే బిడ్డ ఊపిరి తీసినప్పుడల్లా చేతి మీంచి లేచేది, వదిలినప్పుడల్లా వచ్చి ఆనేది.

ముఖం తలుచుకుంటే ఫొటోలే గుర్తొచ్చే రోజు వస్తుంది. గొంతు ఎలా ఉండేదో చెప్పలేని రోజు వస్తుంది. ఆ లేవడం, ఆనడం మాత్రం అరచేతిలో ఉండిపోతుంది. ఏళ్ళ తర్వాత నడుము లోతులో నిలబడి ఊరికే చేతులు నీళ్ళ కింద చాపినా చాలు, తెలుస్తుంది. కాబట్టి దిగీ దిగగానే ఈత మొదలుపెట్టకండి. రెండు మూడు నిమిషాలు అలా నిలబడండి. రావలసింది అక్కడే, కాళ్ళు నేల మీద ఉండగానే రానివ్వండి.

చన్నీళ్ళకి ఒళ్ళు సర్దుకోవడానికీ సరిగ్గా ఆ రెండు మూడు నిమిషాలే కావాలి. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. 15 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లటి నీళ్ళలో ఒక్కసారిగా మునిగితే చర్మం నుంచి వెళ్ళిన కబురుకి ఊపిరి ఎగతన్నుతుంది. ఒక్క గుక్కలో రెండు మూడు లీటర్ల గాలి లోపలికి పీల్చేస్తాం. ముఖం నీళ్ళలో ఉండగా ఆ గుక్క పడితే లోపలికి వెళ్ళేది నీళ్ళే. మొదటి అర నిమిషంలో ఇది చాలా ఎక్కువగా ఉంటుంది, రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతుంది. చన్నీళ్ళ మీద దశాబ్దాలుగా పరిశోధన చేసిన పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయపు మైక్ టిప్టన్ తదితరులు గమనించినదాని ప్రకారం, రోజుకి కాసేపు చొప్పున ఐదారు సార్లు దిగితే ఈ ఉలికిపాటు దాదాపు సగానికి తగ్గుతుంది. సెలవుల మొదటి రోజే పెద్ద ఈత పెట్టుకోవద్దనడానికి ఇది మంచి కారణం.

దుఃఖం పొంగినప్పుడు వచ్చే వెక్కులు కూడా ఊపిరి విషయంలో ఇదే పని చేస్తాయి. ఊపిరి మన మాట వినదు, లోపలికి గుక్కలు గుక్కలుగా వస్తుంది, బయటికి సరిగా పోదు. గొంతులో ఏదో అడ్డం పడినట్టవుతుంది. ఎక్కువ గాలి కావాలని గొంతు తెరుచుకుని ఉంటుంది, మింగబోతే మూసుకోవాలని చూస్తుంది, ఆ లాగులాటే గొంతులో ముద్ద. చలి గుక్క, ఏడుపు వెక్కు ఒకేసారి వస్తే ఎంత ఈత వచ్చినవాళ్ళయినా నీళ్ళు మింగుతారు. కాబట్టి బిడ్డను తలుచుకుంటూ ఈదాలనుకున్న రోజున నీళ్ళు 20 డిగ్రీలకి పైన ఉండేలా చూసుకోండి. థర్మామీటర్ని నీటి పైన తేలుతుండగా చదివితే లాభం లేదు, ఎండకి వేడెక్కిన పైపొరనే అది చూపిస్తుంది. మోచేతి లోతున ముంచి రెండు నిమిషాలు ఆగి చదవాలి.

ఈదుతుండగా ఏడుపు వస్తే ఏం చేయాలో ఒడ్డునే అనుకుని దిగాలి. ఆపుకోవడానికి ప్రయత్నించకండి, ఆపుకుంటే ఊపిరి బిగబడుతుంది, ఊపిరి బిగబడితే చేతులు అలిసిపోతాయి. వెంటనే వెల్లకిలా తిరగండి. చెవులు ముంచండి, గడ్డం కాస్త పైకి, చేతులు పక్కలకి చాచి అరచేతులతో నీటిని మెల్లగా అటూ ఇటూ తోయండి. కాళ్ళు కిందికి జారితే జారనివ్వండి. ముక్కూ నోరూ పైన ఉంటే చాలు. నడుముకి కట్టుకుంటే వెనక తేలుతూ వచ్చే గాలి సంచి, టో ఫ్లోట్, ఉంటే దాన్ని ఛాతీ మీదికి లాక్కుని రెండు చేతులతో పట్టుకోండి. 20 లీటర్ల ఫ్లోట్ ఒక మనిషి ఆనుకుని సేదతీరడానికి సరిపోతుంది, అయితే అది లైఫ్ జాకెట్ కాదు, స్పృహ తప్పితే ముఖాన్ని పైకి పట్టి ఉంచదు. స్పష్టమైన రంగులో, నారింజో గులాబీయో, ఉండాలి. నీలం, ఆకుపచ్చ కొనకండి, పడవవాళ్ళకి కనిపించవు.

గాగుల్స్ మరో సంగతి. కన్నీళ్ళు వెచ్చగా ఉంటాయి, అద్దం బయటివైపు నీళ్ళు చల్లగా ఉంటాయి, రెండు నిమిషాల్లో లోపల ఆవిరి పట్టి ఒడ్డు కనిపించకుండా పోతుంది. నిలువుగా వచ్చి ఫ్లోట్ పట్టుకుని గాగుల్స్ కింది అంచు కాస్త ఎత్తితే లోపల చేరిన నీళ్ళు కారిపోతాయి. తర్వాత రెండు బొటనవేళ్ళతో నొక్కితే మళ్ళీ పట్టేస్తుంది. నుదుటి మీదికి పూర్తిగా లాగేయకండి, తడిసిన టోపీ మీంచి జారిపోతే సరస్సు అడుగున వెతుక్కోవాలి.

వెల్లకిలా తేలేటప్పుడు ఇంకొకటి జరుగుతుంది. ఒడ్డున ఆడుకుంటున్న పిల్లల కేకలు చెవులు మునగగానే ఆగిపోతాయి. గాలిలోంచి వచ్చే శబ్దంలో దాదాపు అంతా నీటి పైభాగాన్ని తాకి వెనక్కి మళ్ళిపోతుంది, లోపలికి దిగేది చాలా కొంచెం. వినిపించేది మన ఊపిరి, కొన్నిసార్లు గుండె చప్పుడు, దూరాన ఎక్కడో మోటారు పడవ. నీటిలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది కాబట్టి ఆ పడవ ఏ వైపు ఉందో చెవులు చెప్పలేవు, కళ్ళతోనే చూసుకోవాలి. తల ఎత్తామా, "అమ్మా, చూడు" అన్న ఎవరి పిల్లదో కేక ఒక్కసారిగా వచ్చి తగులుతుంది. ఇది తప్పించుకోలేనిది. ఒక చెవి ముందు, రెండోది తర్వాత, నెమ్మదిగా బయటికి తెచ్చుకుంటే కాస్త నయం. పిల్లలు లేని వేళ కావాలంటే పొద్దున్నే దిగండి. గాలి కూడా అప్పటికింకా లేవదు.

శబ్దం దాటకపోవడంలో ఒక మేలుంది. బోర్లా ఈదేటప్పుడు ముఖం ముంచి ఊపిరి వదలాలి కదా, మనసు బరువుగా ఉన్నవాళ్ళు చాలామంది అది సగమే వదిలి తల ఎత్తేస్తారు. లోపల పాత గాలి పేరుకుని కొద్దిసేపటికే ఆయాసం వస్తుంది. ముఖం నీళ్ళలో ఉండగా బిడ్డ పేరు పలకండి. పిలుస్తున్నట్టే, గొంతెత్తి, చివరి అక్షరాన్ని సాగదీసి. ఊపిరి మూడు నాలుగు సెకన్లపాటు పూర్తిగా బయటికి పోతుంది, తల ఎత్తగానే కొత్త గాలి నిండుగా వస్తుంది. పేరు బుడగలై పైకి పోతుంది, పక్కన ఈదేవాళ్ళకి కూడా మాటగా వినిపించదు. ఇంట్లో ఆ పేరు బిగ్గరగా పిలిచి ఎన్నాళ్ళయిందో ప్రతి తల్లికీ తండ్రికీ తెలుసు.

ఎంత దూరం ఈదాలన్నది పెద్ద ప్రశ్న కాదు. ఒడ్డుకి సమాంతరంగా, కాళ్ళు దింపితే నేల తగిలేంత లోతులో, అటు 100 మీటర్లు, ఇటు 100 మీటర్లు చాలు. సరస్సు అవతలి గట్టు ఎప్పుడూ ఉన్నదానికంటే దగ్గరగా కనిపిస్తుంది. కొంతమందికి అలా ఈదుకుంటూ వెళ్ళిపోవాలనిపిస్తుంది, వెనక్కి రావాలనిపించదు. అలా అనిపించిన రోజు నీళ్ళలో దిగకండి, ఆ మాట దగ్గరివాళ్ళతో చెప్పండి, వైద్యుడితో చెప్పండి. నిద్రమాత్ర వేసుకున్న రాత్రి తర్వాతి పొద్దున, మద్యం తీసుకున్న సాయంత్రం కూడా దిగవద్దు. దుఃఖం గుండె కండరాన్ని నిజంగానే తాత్కాలికంగా బలహీనపరచగలదు. జపాన్ వైద్యులు 1990 ప్రాంతంలో దీన్ని గుర్తించి టకొత్సుబో అని పేరుపెట్టారు. ఛాతీలో నొప్పి, దడ ఉన్నవాళ్ళు చన్నీళ్ళకి ముందు గుండె పరీక్ష చేయించుకోవాలి.

సరస్సు నిన్నటిలా ఇవాళ ఉండదు. నిన్న 22 డిగ్రీలున్న చోట ఇవాళ 15 ఉండొచ్చు, పైన ఎండ అలాగే కాస్తుంటుంది. రాత్రంతా గాలి ఒకవైపే వీస్తే వెచ్చటి పైనీరు ఎదుటి గట్టుకి పోగవుతుంది, గాలి వచ్చే వైపు గట్టు దగ్గర అడుగునున్న చన్నీళ్ళు పైకొస్తాయి. అలాంటి రోజు ఎదుటి గట్టుకి వెళ్ళి దిగితే వెచ్చగా ఉంటుంది, అలలు మాత్రం ఎక్కువ. గాలి ఒడ్డు నుంచి లోపలికి వీచేటప్పుడు మరీ జాగ్రత్త. ఒడ్డు దగ్గర నీళ్ళు అద్దంలా కనిపిస్తాయి, లోపలికి పోయినకొద్దీ తిరిగి రావడం కష్టమవుతుంది. వేసవిలో నిశ్చలంగా ఉన్న రోజు నిలువుగా నిలబడితే ఛాతీ దగ్గర వెచ్చగా, పాదాల దగ్గర చల్లగా తగులుతుంది. అది రెండు పొరల మధ్య హద్దు. భయపడక్కర్లేదు, మళ్ళీ అడ్డంగా తేలితే సరి.

గాలి ఆగిపోయాక కూడా సరస్సు ఊగుతూనే ఉంటుంది. ఒక చివర పోగైన నీళ్ళు వెనక్కి వస్తాయి, ఇంకో చివర లేస్తాయి, మళ్ళీ తిరుగుతాయి. సరస్సుల శాస్త్రానికి ఆద్యుడని పేరున్న ఫ్రాన్స్వా ఆల్ఫోన్స్ ఫొరెల్ 19వ శతాబ్దంలో జెనీవా సరస్సు మీద దీన్ని ఓపిగ్గా కొలిచాడు. అక్కడ ఒక ఊపుకి సుమారు గంటా పావు పడుతుంది. కంటికి కనిపించేది ఒడ్డున కొన్ని సెంటీమీటర్ల తేడా మాత్రమే, లోపలి పొరల్లో మాత్రం ఊపు ఎన్నో మీటర్లుంటుంది, రోజుల తరబడి సాగుతుంది. బిడ్డ పోయి ఇన్నేళ్ళయింది కదా అని మనల్ని అడిగేవాళ్ళకి ఈ సంగతి చెప్పవచ్చు.

తల్లులకి మరో సంగతి. కడుపులో ఉండగా బిడ్డ కణాలు కొన్ని తల్లి రక్తంలోకి వస్తాయి, పుట్టాక కూడా అన్నీ పోవు. 1996లో అమెరికా వైద్యురాలు డయానా బియాంకీ బృందం మగబిడ్డను కన్న 27 ఏళ్ళ తర్వాత కూడా ఒక తల్లి రక్తంలో అలాంటి కణాలను గుర్తించింది. నెలలు నిండకుండా పోయిన బిడ్డలవీ ఉండవచ్చు. నీళ్ళలో దిగేటప్పుడు ఒంటరిగా దిగుతున్నానన్న భావన ఉన్నవాళ్ళకి ఇది తెలిస్తే కొంత ఊరట. తండ్రులకి ఇది లేదు. వాళ్ళకి మిగిలింది అరచేతి జ్ఞాపకమే, అందుకే నేర్పింది ఎవరైతే వాళ్ళు ముందు దిగడం న్యాయం.

మిగిలిన పిల్లలు వెంట ఉంటే ఒక్క నియమం మాత్రం సడలించకూడదు. తలుచుకుంటూ ఈదేవాళ్ళూ, పిల్లల్ని కనిపెట్టి ఉండేవాళ్ళూ ఒకరే కాకూడదు. మునిగే పిల్ల కేకలు వేయదు, చెయ్యి ఊపదు. నోరు నీటి మట్టానికి వచ్చి పోతూ ఉంటే పిలవడానికి ఊపిరి ఉండదు. నిమిషంలోపే అయిపోవచ్చు. కాబట్టి పావుగంట చొప్పున వంతులు వేసుకోండి. వంతు మారేటప్పుడు "ఇప్పుడు నువ్వు చూస్తున్నావు" అని పైకి చెప్పండి, ఎదుటివాళ్ళు "చూస్తున్నాను" అన్నాకే కళ్ళు తిప్పండి. చిన్నపిల్లలైతే చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి. మనసు బాగాలేదని ఒకరంటే ఆ పూట రెండో మనిషే పూర్తిగా చూడాలి, అందులో మొహమాటం వద్దు.

తల్లికీ తండ్రికీ ఒకే రోజు ఒకేలా ఉండదు కూడా. ఒకరు ఆ రోజంతా పడవ తొక్కుతూ నవ్వుతుంటారు, ఇంకొకరు గదిలోంచి రారు. మర్నాడు తారుమారవుతుంది. దుఃఖంలో ఉన్నవాళ్ళు పోయినదాని వైపు, ముందున్న బతుకు వైపు ఇలా మార్చి మార్చి తిరుగుతుంటారని మనస్తత్వ పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ, హెంక్ షుట్ 1999లో వివరించారు. పడవలో నవ్వుతున్న మనిషి మరిచిపోలేదు. ఈ ఒక్కటీ తెలియక సెలవుల్లో ఎన్నో జంటలు మాటలు అనుకుంటాయి.

తువ్వాళ్ళ దగ్గర ఎవరో ఒకరు "మీకెంతమంది పిల్లలు?" అని అడుగుతారు. జవాబు ఇద్దరూ కలిసి ముందే అనుకోండి, లేకపోతే ఒకరు ఇద్దరంటారు, ఒకరు ముగ్గురంటారు, పక్కనున్న పిల్ల రెండూ వింటుంది. "ముగ్గురు, ఒకరు మాతో లేరు" అంటే చాలామంది అక్కడితో ఆపుతారు. చెప్పబుద్ధి కాకపోతే "ఇద్దరు ఇక్కడున్నారు" అనండి, అదీ అబద్ధం కాదు. పిల్లలకి కూడా ఏం చెబుతారో వాళ్ళ ఇష్టానికే వదలండి. తోబుట్టువు పోయిన వయసుని తాము దాటిన ఏడాది వాళ్ళు నీళ్ళలో దిగడానికి వెనకాడవచ్చు, కారణం చెప్పకపోవచ్చు.

బిడ్డ నీళ్ళలోనే పోయి ఉంటే పైన చెప్పినదంతా వేరు. ఆ ఇంటివాళ్ళు సరస్సుకి రావలసిన అవసరమే లేదు. రావాలని వాళ్ళకి వాళ్ళే అనుకుంటే మొదటి రోజు ఒడ్డు, తర్వాత చీలమండ లోతు, ఇంకో రోజు మోకాలి లోతు. పక్కన ఈత బాగా వచ్చి, జరిగినది తెలిసిన మనిషి ఉండాలి. ముఖం ముంచడం అన్నిటికంటే ఆఖరుకి. కళ్ళు మూసుకుంటే ఆ దృశ్యమే కనిపిస్తున్నా, ఒళ్ళు చెమటలు పడుతున్నా అక్కడితో ఆపి, ఇలాంటి దెబ్బలకి చికిత్స చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి.

నీళ్ళలో ఏదైనా వదలాలనిపిస్తుంది. ప్లాస్టిక్, రిబ్బను, బెలూన్లు వద్దు, వాటికి చిక్కుకుని పక్షులు చస్తాయి. ఒడ్డున దొరికిన గులకరాయిని చేతిలో పట్టుకుని ఈది, మళ్ళీ అక్కడే వేసేయవచ్చు.

బయటికొచ్చాక అరగంట ముఖ్యం. ఒంటి పైపొరల చలి ఇంకా లోపలికి పాకుతూనే ఉంటుంది కాబట్టి ఒడ్డెక్కాక కూడా పది పదిహేను నిమిషాలు ఒళ్ళు ఇంకా చల్లబడుతూనే ఉంటుంది, వణుకు అప్పుడే మొదలవుతుంది. ముందు తడి టోపీ, తడి పైబట్ట తీసేయండి, పైభాగం తుడుచుకుని పొడి బట్ట వేసుకోండి, ఆ తర్వాతే నడుము కిందికి. వేళ్ళు మొద్దుబారి గుండీలు పట్టవు కాబట్టి తలమీంచి వేసుకునే బట్టలే తెచ్చుకోండి. వెచ్చగా ఏదైనా తాగండి. వేడినీళ్ళ స్నానం వెంటనే వద్దు, కళ్ళు తిరుగుతాయి. వణుకు తగ్గేదాకా కారు నడపకండి. ఏడ్చి, ఈది వచ్చిన రోజు మధ్యాహ్నానికి విపరీతమైన నిద్ర వస్తుంది. ఆ పూట ఇంకే కార్యక్రమమూ పెట్టుకోకండి, పిల్లల్ని ఎవరు చూస్తారో పొద్దున్నే అనుకుని ఉంచండి. మర్నాడు మళ్ళీ దిగాలనిపిస్తే సగం దూరమే ఈదండి.